మజిలీకి వెల కట్టునదెవరు?

తెలుగునాట ‘క్యారవాన్’ అను మాట చెవిని పడినంతనే చదువరి మనస్సున మెదలునది, సినిమా చిత్రీకరణ జరుగుచోట ఏ చెట్టు నీడనో నిలిపియుంచిన, నటీనటులు విశ్రమించు చల్లని బండి. అంతకు ముందు తరములవారు ఆ మాటకు బిడారు అని అర్థము చెప్పుకొనుచుండిరి. ఎద్దుల మీదను ఒంటెల మీదను సరకు వేసికొని, గుంపుగా సాగి, పొద్దు వాలినచోట గుడారములు దింపు వర్తకుల సమూహము బిడారు. ఆస్ట్రేలియా దేశమున ఆ మాటకు వేరొక యర్థము స్థిరపడినది. కారు వెనుక కొక్కెమునకు తగిలించి యీడ్చుకొనిపోవు చక్రముల యిల్లు అచ్చట క్యారవాన్. పడక, పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి, పైకప్పున సోలార్ పలకలు, అడుగున నీటితొట్లు, ఇన్నియు రెండు ఇరుసుల మీద ఇమిడియుండి, ఒక్కొక్కటి మూడు టన్నుల బరువు తూగు ఈ యిండ్లను వెంటబెట్టుకొని, ఉద్యోగవిరమణ చేసిన దంపతులు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి, ఆ ఖండమును చుట్టి వచ్చుచుందురు. వారిని అచ్చటివారు ‘గ్రే నోమాడ్స్’ అందురు. నెరసిన దేశదిమ్మరులని మనము చెప్పుకొనవచ్చును. నమోదైన క్యారవాన్లు, క్యాంపర్‌వాన్లు కలిసి ఆ దేశమున 7 లక్షలకు పైబడినవి. జనసంఖ్య మూడు కోట్లకైనను చేరని దేశమునకు ఇది అల్పసంఖ్య కాదు.

ఈ సంచారమునకు ఒక ఋతుధర్మము కలదు. మే నెలలో దక్షిణమున చలి ఆరంభము కాగానే మెల్బోర్న్, అడిలైడ్ ప్రాంతముల నుండి బండ్లు ఉత్తరమునకు తిరుగును. సెప్టెంబరు గడచి ఉత్తరాన ఎండలు ముదరగానే మరల ఇంటిదారి పట్టును. వలసపక్షులతో వీరిని పోల్చుట అందరికిని అలవాటైపోయినది. పక్షులకు డీజిల్ ధరతో పనిలేదు గనుక ఆ పోలిక నాకంతగా రుచింపదు. ఈ రాకపోకల దారిలో, వందల కిలోమీటర్ల యెడముతో, రెండువందల గడపయో వేయి గడపయో గల చిన్న పట్టణములు తగులును. వానిని, వాని నడుమనున్న ఎర్రనేలను, గడ్డిబీళ్లను కలిపి ఔట్‌బ్యాక్ అందురు. ఈ పట్టణములు ఈ బాటసారులను ఏ షరతుల మీద నిలువనిచ్చుచున్నవి, ఆ నిలుకడకు వెల యెవరు చెల్లించుచున్నారు అనునది పైకి చిన్న పురపాలక తగాదావలె తోచునుగాని, దాని వేళ్లు చాల లోతునకు పోయినవి.

బ్రిస్బేన్‌లో నివసించు మా అమ్మాయియు అల్లుడును పిల్లల శీతకాలపు సెలవులకు ఒక క్యాంపర్‌వాన్ అద్దెకు తీసికొని, మమ్మును వెంటబెట్టుకొని పడమటికి బయలుదేరిరి. బ్రిస్బేన్ నుండి లాంగ్‌రీచ్ పట్టణము సుమారు 1,200 కిలోమీటర్లు. మూడవనాటి సాయంకాలమునకు, ఊరికి కొలది దూరమున, థామ్సన్ నది యొడ్డున బండ్లు దిగు మైదానమును చేరుకొంటిమి. నది యనగా గోదావరిని తలచుకొనరాదు. కదలిక లేని మడ్డినీరు, పాలు ఎక్కువైన తేనీటి రంగున, రెండు గట్ల నడుమ నిలిచియున్నది. ఒడ్డున కూలిబా చెట్లు. వానిమీద వందలకొలది తెల్లచిలుకలు, పంచాయతీ సమావేశమున అందరును ఒక్కుమ్మడిగా లేచి మాటాడినట్లు గోల చేయుచుండెను. వంటపొగల మీద గద్దలు చుట్లు తిరుగుచుండెను. నేను లెక్కించినంతలో 43 బండ్లు. సాయంకాలము నాలుగున్నరకు, ఎవరో బడిగంట కొట్టినట్లు, ఆ బండ్ల తలుపులన్నియు తెరచుకొని మడతకుర్చీలు బయటికి వచ్చినవి. అవి తమంత తామే గుండ్రముగా చేరినట్లు చేరెను. దీనికి ‘హ్యాపీ అవర్’ అని పేరు. ఎవరి పానీయము వారిదే, ఎవరి గ్లాసు వారిదే. మాటలు మాత్రము ఉమ్మడి ఆస్తి. ఏ ఊరి దుకాణమున డీజిల్ రెండు సెంట్లు తక్కువ, ఏ వంతెన మీద నీరు పారుచున్నది, ఎవరికి మోకాలి ఆపరేషన్ అయినది, ఎవరి భార్య పోయిన యేడు పోయినది, ఈ సమాచారమంతయు సూర్యాస్తమయము లోపల చేతులు మారిపోవును.

మా ప్రక్క బండి పెద్దాయన యౌవనమున గొర్రెల ఉన్ని కత్తిరించు పని చేసినవాడట. వ్రేళ్ల కణుపులు ఉబ్బియున్నవి. ఆయన నాకొక చిన్న పుస్తకము చూపెను. ప్రతి మజిలీకి అందొక పుట: నీరు మంచిదా ఉప్పదా, నేల చదునా పల్లమా, వానకు బురదయగునా, రొట్టెల దుకాణము ఎన్నింటికి తెరచును, రాత్రి లారీల రొద వినవచ్చునా. ఈ వివరములన్నియు నేడు సెల్‌ఫోన్ యాపులలో దొరకుచున్నను, తాను స్వయముగ నిదురించి చూడనిదే ఏ మాటను నమ్మనని ఆయన అనెను. ఆ పుటలు తిరుగవేయుచుండగా నాకు ఏనుగుల వీరాస్వామయ్య జ్ఞప్తికి వచ్చెను. 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి, పరివారముతో కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకి గుర్తు పెట్టుకొన్నది ఇట్టి సంగతులనే: దిగుటకు తోపు కలదా, బావినీరు ఎట్టిది, అంగళ్లలో ఏమేమి దొరకును, ముందరి దారి ఎట్టిది. బోయీలు మోసిన పల్లకి పోయి టయోటా ట్రక్కు వచ్చినదేగాని, బాటసారి కోరునట్టి వస్తువులు మారలేదు. వీరాస్వామయ్యకు అక్కరలేని పద్దు ఒక్కటి మాత్రము ఈ పెద్దాయన పుస్తకమున ఎర్రసిరాతో వ్రాయబడియున్నది. అది డంప్ పాయింట్.

ఈ వివాదమంతయు అర్థము కావలెనన్నచో ఆ ఎర్రసిరా పద్దును కొంత దగ్గరగా చూడవలెను. క్యారవాన్ మరుగుదొడ్డి అడుగున ఇరువది లీటర్లకు అటునిటుగా పట్టు పెట్టె యుండును. రెండు మూడు దినములకు ఒకసారి దానిని వెలుపలికి లాగి, చిన్న చక్రముల మీద త్రోసికొనిపోయి, మూతగల ఒక సిమెంటు గుంటలోనికి ఒంపి, అచ్చటనే యున్న కొళాయినీటితో కడిగి, మందు పోసి, మరల స్వస్థానమున తగిలింపవలెను. లాంగ్‌రీచ్‌లో ఈ కార్యమునకు పూనుకొన్న మా అల్లుడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, చేతులకు తొడుగులు వేసికొని, నావైపు తిరిగి, “మామయ్యగారూ, మీరు కాస్త గాలికి ఎగువన నిలబడండి” అని వినయముగా చెప్పెను. ఆ గుంట పట్టణపు మురుగునీటి పద్ధతికో, ప్రత్యేకమైన తొట్టికో కలుపబడియుండును. దానిని ఎవరో ఒకరు త్రవ్వించవలెను, కడిగించవలెను, నిండినప్పుడు తోడించవలెను. అది లేని ఊరిలో ఆ ఇరువది లీటర్లును ఏ పొద చాటునకు చేరునో వేరుగా చెప్పనక్కరలేదు. ఉచితమైన మజిలీ యనునది లేదనుటకు ఈ గుంటయే సాక్ష్యము. నిద్ర ఉచితము కావచ్చును, నిద్రలేచిన తరువాతి పని ఉచితము కాదు.

1986లో ఏర్పడిన క్యాంపర్‌వాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ ఆఫ్ ఆస్ట్రేలియా ఈ సత్యమును మొదట గ్రహించిన సంస్థలలో ఒకటి. తన సభ్యుల బండ్లు మురికినీటిని సయితము తొట్టిలో నిలువచేసికొనగల స్వయంసమృద్ధములై యుండవలెనని అది ఒక పద్ధతి నెలకొల్పెను. పట్టణములకు డంప్ పాయింట్లు అమర్చుకొనుటకు సాయపడెను. అంతటితో ఆగక, కొన్ని షరతులను నెరవేర్చిన ఊళ్లకు ‘ఆర్‌వీ ఫ్రెండ్లీ టౌన్’ అను బిరుదునిచ్చి, ఊరి మొదట ఒక పలక నాటుకొను అధికారమొసగెను. ఆ షరతులు చూడుడు: పొడవైన బండ్లు అంగళ్లకు చేరువను నిలుపుకొను చోటు, త్రాగునీరు, డంప్ పాయింట్, ఒకటి రెండు రాత్రులు తక్కువ ఖర్చుతోనో ఖర్చు లేకయో ఉండుటకు స్థలము, వైద్యుడు, మందుల దుకాణము, సరకుల దుకాణము. రాత్రి విడిదికి వెల తగ్గింపుమని కోరుచునే, వైద్యుడు, మందులు, సరకులు అను మూడింటిని అందులో చేర్చుటలో ఒక వ్యాపారసూక్ష్మము కలదు. చోటు మీరిండు, మేము మీ వీధిలో కొనుగోలు చేసెదము అను ఒడంబడికయే అది.

ఊళ్లకు ఆ కొనుగోలు ఎంత అవసరమో తెలియుటకు గొర్రెను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. దీర్ఘకాలము ఆస్ట్రేలియా లోనాడంతయు గొర్రె వీపు మీద నడచినది. ఉన్నికి కనీసపు ధర నిలుపుటకు ఏర్పరచిన కొనుగోలు పథకము, కొనువారు లేక 47 లక్షల బేళ్లు గిడ్డంగులలో పేరుకొనిపోగా, 1991 ఫిబ్రవరిలో కుప్పకూలినది. ఉన్ని పడిపోయిన తరువాత కత్తిరించు కూలీలు పోయిరి. వారితోపాటు వంటవాండ్రు, లారీ డ్రైవర్లు, వారి పిల్లలతో నిండిన బడితరగతులు పోయినవి. తుదకు బ్యాంకులు పోయినవి. బ్యాంకు మూతబడుట యనగా చిన్న ఊరికి నాడి ఆగుటయే. విక్టోరియా రాష్ట్రమున గోధుమలు పండు రూపన్యప్, మిన్యిప్ అను రెండు చిన్న ఊళ్లు ఊరివారే వాటాలు వేసికొని, బెండిగో బ్యాంకుతో చేయి కలిపి, 1998 జూన్ 26న ఆ దేశములో మొట్టమొదటి సమాజ బ్యాంకు శాఖలను తెరచుకొనినవి. ఆ ప్రాంతము అసలైన ఔట్‌బ్యాక్ కాదు, దాని వాకిలి యనవచ్చును. కాని లోనాటి పట్టణముల వ్యాధియు, అవి వెదకుకొన్న మందులును అచ్చటనే స్పష్టముగ కనబడును.

ఆ మందులలో ఒకటి రంగు. రూపన్యప్‌కు ఉత్తరముగా బ్రిమ్ అను ఊరు కలదు. రెండువందల మందైనను లేని ఊరు. రైలుకట్ట ప్రక్కన, వాడుకలో లేని ధాన్యపు సైలోల మీద, గైడో వాన్ హెల్టన్ అను చిత్రకారుడు నలుగురు రైతుల రూపములను ముప్పది మీటర్ల ఎత్తున చిత్రించి 2016 జనవరిలో ముగించెను. ఆ నలుగురి ముఖములలో గర్వము లేదు, దైన్యము లేదు; వాన కొరకు చూచి చూచి అలసిన వారి చూపు మాత్రము కలదు. చూడవచ్చిన బండ్లు మొదట వింతగను, తరువాత వరుసగను రాసాగినవి. ప్రక్క ఊళ్లు తమ సైలోలకును రంగు వేయించుకొనగా, సుమారు 200 కిలోమీటర్ల చిత్రమార్గము ఏర్పడినది. ఊరికి చేరువనే యారియాంబియాక్ వాగు యొడ్డున బండ్లు దిగు స్థలము కలదు. ధాన్యము దాచుటకు పనికిరాని కట్టడము బాటసారులను ఆపుటకు పనికివచ్చినది. అయితే వచ్చినవారు బొమ్మ చూచి, ఫోటో తీసికొని, తినుటకు దుకాణము లేక ముందుకు సాగిపోయినచో ఆ ఊరికి మిగులునది ధూళియే. వారిని రాత్రికి నిలుపవలెను. ఉదయమున లేచిన మనుష్యుడు కాఫీ త్రాగును, టైరులో గాలి చూపించుకొనును, మందులచీటి నింపించుకొనును, మంగలి దుకాణమున కూర్చుండును. చోటు ఉచితముగా నిచ్చుటయందలి ఆంతర్యమంతయు ఇదియే.

ఇక రెండవ పక్షము. అట్టి ఊరిలోనే ఒక క్యారవాన్ పార్కు యజమాని యుండును. ఆయన స్థలపు పన్ను కట్టును, బీమా కట్టును, అగ్నిమాపక నిబంధనలు పాటించును, వేడినీటి స్నానపుగదులు కడిగించును. నాలుగైదు నెలల రద్దీతో పండ్రెండు నెలల ఖర్చును పూడ్చుకొనవలసినవాడు. ఊరి కౌన్సిల్ ఆయన పన్నుసొమ్ముతోనే, ఆయన గేటుకు రెండు కిలోమీటర్లలో, నది యొడ్డున ఉచితముగా చోటు చూపించినచో ఆయనకు కడుపు మండుట అన్యాయమని నేననజాలను. ఆయన చేతిలో ఒక చట్టసూత్రమున్నది. ఫ్రెడ్ హిల్మర్ అనువాని అధ్యక్షతన వ్యాపారపోటీని గూర్చి 1993లో వెలువడిన నివేదికను అనుసరించి, 1995 ఏప్రిల్‌లో కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికలో, ప్రభుత్వ సంస్థ వ్యాపారము చేసినపుడు తన ప్రభుత్వహోదా వలన కలుగు లాభముతో ప్రైవేటు పోటీదారును దెబ్బతీయరాదను నియమము చేరినది. విద్యుత్తు, రైళ్లు, రేవులు మొదలగు మహాసంస్థలను దృష్టిలో నుంచుకొని అల్లిన ఆ వల, ఒక కొళాయియు రెండు చెత్తడబ్బాలును గల నదీతీరపు బీడు మీద వచ్చి పడినది. టాస్మేనియాలో ఈ తగవు ఫిర్యాదులై, విచారణలై చాలకాలము నడచినది. పశ్చిమ ఆస్ట్రేలియా 1997 నాటి నిబంధనలలో, రహదారి ప్రక్క విశ్రాంతిస్థలమున వాహనమునందు 24 గంటలకు మించి యుండరాదను లెక్కకు వచ్చి ఆగినది. నిదురమత్తులో బండి నడపరాదని చెప్పు ప్రభుత్వము నిదురించువానికి గడియారము పెట్టుటలో వింత లేదు. ఎక్కడనో గీత గీయకతప్పదు.

ఇరుపక్షములవారును లెక్కలు చూపుదురు. ఉచితపు చోట దిగువారు ఊరిలో ఇంతింత ఖర్చు చేయుదురని ఒకరు, పార్కులో దిగువారు అంతకు మించి ఖర్చు చేయుదురని మరియొకరు. ఎవరు చేయించిన సర్వే వారికి అనుకూలముగ పలుకుట సర్వేల స్వభావము. నా దృష్టిలో ఆ రెండు లెక్కలును ఒకే పొరపాటు మీద నిలిచియున్నవి. అవి రాత్రిని సరకుగా ఎంచి, దాని వెల ఎంతయని అడుగుచున్నవి. పార్కువాడు అమ్మునది వేడినీళ్లు, కరెంటు, పిల్లలకు ఈతకొలను, కంచె ఇచ్చు భద్రత. వానికి వెల యుండుట న్యాయము, ఆ వెల ఇచ్చువారు ఎప్పుడును ఉందురు. మేమును మూడు రాత్రుల కొకటి చొప్పున పార్కులో దిగి, బట్టలు ఉతుకుకొని, తలంటిపోసికొంటిమి. మా ఆవిడ షరతే అది. నదియొడ్డున దొరకునది ఆ సరకు కాదు. అది దారికి సంబంధించిన హక్కు. నిలువనీయని దారి దారి కాదు, త్రోపుడు. బాటసారి చెల్లించవలసినది తాను వాడుకొన్న నీటికిని, విడిచిపోయిన మురికికిని. కండ్లు మూసికొన్నందులకు కాదు. ఈ తేడా గుర్తించిన ఊళ్లలో తగవు తానే చల్లబడుట నేను చూచితిని. ఒకచోట పశుప్రదర్శనలు జరుగు షోగ్రౌండ్‌ను తక్కువ అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో స్థానిక సంఘము తన పందిళ్లకు రేకులు వేయించుకొనుచున్నది. ఇంకొకచోట పబ్ యజమాని తన పెరటిలో ఉచితముగా దింపుకొని, రాత్రిభోజనము తన దగ్గరనే చేయుదురను నమ్మకము మీద బ్రతుకుచున్నాడు. మేము శాకాహారులమనగా ఆయన ముఖము కొంత చిన్నబోయి, బంగాళాదుంపలతోను గ్రుడ్లతోను సరిపెట్టబోయి, గ్రుడ్లును వలదనగా పూర్తిగా చిన్నబోయెను. మరియొకచోట ఇనుపపెట్టెయొకటి స్తంభమునకు బిగించియున్నది. దాని చీలికలో రెండు డాలర్ల బంగారురంగు నాణెము వేసి, పెట్టెకు కావలివా డెవడని చూచితిని. ఎవడును లేడు.

న్యూజిలాండ్ ఈ సంగతిని పార్లమెంటు వరకు తీసికొనిపోయినది. 2011 నాటి చట్టము, స్థానిక సంస్థ నిషేధింపని బహిరంగస్థలమున దిగు స్వేచ్ఛను అంగీకరించి, 2023లో దానికి స్థిరమైన మరుగుదొడ్డి గల బండి యుండవలెనను షరతును బిగించెను. హక్కును ముందు చెప్పి షరతును తరువాత చెప్పు ఈ పద్ధతి నాకు నచ్చినది.

ఆస్ట్రేలియా లోనాటిలో ఉచితమైన మజిలీ నిన్నమొన్న పుట్టినది కాదు. మోటారు రాకమునుపు పశువుల మందలను వందల మైళ్లు నడిపించుకొనిపోవు కాపరుల కొరకు ప్రభుత్వభూమిగా విడిచిపెట్టబడిన మార్గములు నేటికిని కలవు. ఒక్క క్వీన్స్‌లాండ్‌లోనే వాని పొడవు సుమారు 72,000 కిలోమీటర్లు. ‘లాంగ్ ప్యాడాక్’, పొడుగు బీడు, అని వానికి ముద్దుపేరు. కరవు కాలమున తన బీడు ఎండిపోయిన రైతునకు ఈ పొడుగు బీడే శరణ్యము. ఐనను అచ్చటను షరతు లేకపోలేదు. గొర్రెలు దినమునకు ఆరు మైళ్లు, ఎడ్లు పది మైళ్లు తప్పక కదలవలెను, కదలనివాడు గడ్డిదొంగ. నేడు ఉచిత మజిలీలలో గడువు చెప్పు 48 గంటల పలకకు తాతముత్తాత ఆ ఆరు మైళ్ల నియమమే. మోటారు రాకమునుపటి బిడారులు ఒంటెలవి. 1860లో బర్క్, విల్స్ అనువారి అన్వేషణయాత్ర కొరకు నాటి అవిభక్త భారతదేశమునుండి రెండు డజన్ల ఒంటెలను, వానిని తోలువారిని ఓడమీద తీసికొనిపోయిరి. అటుపిమ్మట అర్ధశతాబ్దికి పైగా బలూచీలు, పఠానులు, పంజాబీలు, సింధీలు, అందరును ‘ఆఫ్ఘనులు’ అను ఒకే పేరున, ఆ లోనాటికి పిండి, పంచదార, తంతితీగె, రైలుపట్టా మోసిరి. మర్రీ అను ఊరిలో మట్టితోను తాటాకువంటి కప్పుతోను చిన్న మసీదు కట్టుకొనిరి. సరకు దిగువరకు వారు ఊరికి కావలెను. దిగిన తరువాత వారి విడిది రైలుకట్టకు ఆవలి వైపున, ఆదిమవాసుల గుడిసెల సరసన. ఊరు ఈవలి వైపున.

ఈ కట్టకు ఈవల ఆవల అను తేడా ఈ విషయమంతటి వెంట నీడవలె నడచుచున్నది. ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమును 1928లో ఆదిమవాసులకు నిషిద్ధప్రాంతముగ ప్రకటించిరి; తమ తాతల నేలమీద, పనిలేనిదే, అనుమతిలేనిదే వారు నిలువరాదు. క్వీన్స్‌లాండ్‌లోని బార్కల్డిన్ అను ఊరిలో 1891లో ఉన్ని కత్తిరించు కూలీలు సమ్మె కట్టి, ఊరి వెలుపల గుడారములు వేసికొని వేలసంఖ్యలో దిగినపుడు, ప్రభుత్వము సైనికులను పంపి, నాయకులను పట్టి, సెయింట్ హెలీనా దీవి చెరసాలలో మూడేండ్లు కఠినశిక్ష వేయించెను. ఆ సమ్మెనాడు వారు కూడిన చెట్టు ‘జ్ఞానవృక్షము’ అను పేర ఆ దేశపు కార్మికోద్యమమునకు పుణ్యస్థలమైనది. 2006లో ఎవరో దానికి విషము పెట్టి చంపగా, మోడునే ప్రతిష్ఠించి పైన కొయ్యతో మహామండపము కట్టిరి. నేడు అదే బార్కల్డిన్ క్యారవాన్లకు ఎదురేగుచున్నది. దానికి చేరువనున్న లాయిడ్ జోన్స్ ఆనకట్ట యొడ్డున బండ్లు దిగును. మా ప్రక్క బండి పెద్దాయన ముత్తాత ఆ గుడారములలో ఒకదానిలో నుండెనట. “ఆయనను పొమ్మని తుపాకులతో వచ్చిరి, నన్ను రమ్మని బోర్డు పెట్టిరి” అని చెప్పి ఆయన నవ్వెను. గుడారము వేయువాడు కొనుగోలుదారుడా, కూలివాడా, నిరుపేదయా అనుదానినిబట్టి అదే నేల విహారస్థలమో, ఆక్రమణయో అగుచున్నది. ఇంటి అద్దెలు ఈ నాలుగైదేండ్లలో ఔట్‌బ్యాక్ పట్టణములలో సయితము అందనివి కాగా, కారులోనే కాపురముండువారు ఉచిత మజిలీలలో కనబడుచున్నారు. వారి బండిలో మరుగుదొడ్డి లేదు. బండి స్వయంసమృద్ధము కాదు. 48 గంటల తరువాత పోవుటకు ఇల్లు లేదు. మురికి కొరకు పెట్టిన షరతు, ఎవరును ఉద్దేశింపకున్నను, మనుష్యులను జల్లెడపట్టు పని చేయుచున్నది. పార్కుల యజమానులును, ఊరి కౌన్సిళ్లును, సంచారుల సంఘములును పోరాడుకొను లెక్కల పుస్తకములలో వీరికి పద్దు లేదు.

తిరుగుదారిలో ఒక పట్టణమున, దాని పేరు చెప్పను, వాగు ప్రక్క తోటలో దిగితిమి. ఏడు క్యారవాన్లు, మా క్యాంపర్‌వాన్, దూరముగా చెట్టు క్రింద ఒక పాత సెడాన్ కారు. కారు అద్దములకు లోపలినుండి తువ్వాళ్లు కట్టియున్నవి. కొళాయి దగ్గర మా అమ్మాయికి ఆ కారులోని స్త్రీ పలుకరింపయినది. ఏబదియేండ్ల మనిషి, ఉదయము ఒక హోటలు గదులు శుభ్రపరచును, ఊరిలో అద్దెకు ఇల్లు లేదు, ఉన్నవి గని పనివారికి పోయినవని చెప్పినదట. మరునాడు ఎనిమిది గంటలకు కౌన్సిల్ ఉద్యోగి పొట్టిలాగు, పెద్ద టోపీ ధరించి, నోటుపుస్తకముతో వచ్చెను. మంచివాడు. క్యారవాన్ల వారినందరిని పలుకరించెను. మా మనుమని చూచి ఎక్కడినుండి వచ్చితిరని అడిగి, హైదరాబాదు అనగా క్రికెట్ మాట కొంత సేపు ఆడి, రొట్టెల దుకాణమున బచ్చలికూర పఫ్ మాకు పనికివచ్చునని చెప్పి, దారి చూపించెను. అటుపిమ్మట చెట్టు క్రిందికి నడచి, కారు అద్దమును వ్రేలి కణుపుతో రెండుమారులు తట్టెను. తువ్వాలు తొలగినది, అద్దము సగము దిగినది. ఏమి మాటాడుకొనిరో మాకు వినబడలేదు. మేము దుకాణమునకు పోయి, పఫ్‌లు కొని, నీళ్లు నింపుకొని మరల ఆ తోట ప్రక్కగా వచ్చుసరికి క్యారవాన్లు ఏడును అచ్చటనే యున్నవి. చెట్టు క్రింద, కారు పొడవున, ఎండుగడ్డి నలిగియున్నది.